మిగిలిన నీడ

నీడ విషయంలో నేను ఎవరి మాటా వినను. ఫ్లెక్సీలు వచ్చి తాండూరులో బోర్డులు రాసే మావాళ్లందరినీ మూలన కూర్చోబెట్టాక, పోయినవాళ్ల బొమ్మలు వేసుకుని బతుకుతున్నాను. వచ్చేవాళ్లంతా "ముఖం తెల్లగ చెయ్యి, నీడలు తీసెయ్యి" అనేవాళ్లే. నీడ తీసేస్తే ముక్కు ఎక్కడుంటుంది, నా తలకాయ! మనిషి ఎలా ఉంటే నీడ అలా పడాలి. అంతే.

అలాంటి నా దగ్గరికి కందిపప్పు మిల్లు సావిత్రమ్మ కోడలు నిఖిల వచ్చి, ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. అందులో మనిషి లేదు. నాపరాయి గోడ మీద సాయంత్రపు నీడ ఒకటి, పక్కకు తిరిగి, నిండు కడుపుతో ఉంది.

అంతకుముందు రెండు కడుపులు నిలవలేదట. మూడోసారి దిష్టి తగులుతుందని సావిత్రమ్మ ఒక్క ఫొటో కూడా దిగనివ్వలేదు. ఈ పిల్ల అత్త కళ్లుగప్పి, తన నీడను ఫొటో తీసుకుంది. ఎనిమిదో నెలలో వికారాబాద్ ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, ఊపిరి లేకుండా. తల్లికి చూపించకుండానే తీసుకుపోయి పాతిపెట్టారు.

"నా బిడ్డది గిదొక్కటే ఫొటో చాచా. నన్ను ఇప్పుడున్నట్టే నిలువెత్తు వెయ్యి. ఎనక గోడ మీద మాత్రం గీ నీడెయ్యి."

"దొంగ నీడ నేనెయ్యనమ్మా. కడుపు లేకుంట కడుపు నీడ యాడికెల్లి వస్తది?" అని కసిరాను.

"నా కడుపు దొంగదా చాచా?"

కుంచె తీశాను. వేశాను. నా జన్మలో అంత తప్పుడు బొమ్మ వేయలేదు. అంత బాగా కూడా వేయలేదు.

నిఖిల బొమ్మ తీసుకుపోవడానికి వచ్చిన రోజు వెనకాలే సావిత్రమ్మ దిగింది. బొమ్మను కిందికీ మీదికీ చూసి ముఖం మాడ్చుకుంది.

"గిది ఇంట్ల పెడితే ఇంకో కడుపు నిలుస్తదా? నీడ సక్కగ దిద్దు మొహియుద్దీన్. ఉన్న మనిషికి ఉన్న నీడ పడాలె."

నేను జీవితమంతా చెప్పిన మాటే అది. నా చెయ్యి కుంచె మీదికి పోయింది.

నిఖిల వచ్చి బొమ్మకు అడ్డం నిలబడి, పక్కకు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. గుమ్మంలోంచి వచ్చే ఎండకు ఆమె నీడ, నేను వేసిన నీడ మీద పడింది. తలమీద తల, వీపుమీద వీపు దాదాపుగా కలిసిపోయాయి. కడుపు దగ్గర మాత్రం బొమ్మలోని నీడ కొంత బయటికి మిగిలింది. ఒళ్లో పట్టేంత ముక్క.

ముగ్గురం దాన్నే చూశాం.

సావిత్రమ్మ చేతులు లేచాయి. చింపేస్తుందని హడలిపోయాను. ఆమె ఆ మిగిలిన ముక్క ముందు రెండు చేతులూ తిప్పి, కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది, ఏ నాయనమ్మైనా చంటిదానికి విరిచినట్టే.

నిఖిల నా చెయ్యి వదిలేసింది.

"ఇంక దాని మీద ఎవల దిష్టి పడ్తదత్తమ్మా?" అంది.

సావిత్రమ్మ చేతులు కణతల దగ్గరే ఉండిపోయాయి.