సున్నా దగ్గర ఆగిన ముల్లు

నేను ఒక వేలాడే కాటాను. గుండ్రటి తెల్ల ముఖం, దాని మీద గ్రాముల గీతలు, ఒక ముల్లు, కింద కొక్కెం, లోపల స్ప్రింగు. ఇంతే నా సంసారం. ఒకప్పుడు ఈ మాట మెడ నిక్కించి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నోరు పెగలడం లేదు. అయినా చెప్పుకోవాలి. చేసినది చేసి, నోరు మూసుకుని కూర్చుంటే మరీ సిగ్గుమాలినదాన్ని అవుతాను.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. నన్ను బిగించిన మేస్త్రీ నా కొక్కేనికి ఒక్కొక్క ఇత్తడి తూకపు గుండూ తగిలించి, ముల్లు సరైన గీత మీద నిలిచిందని చూసుకుని తల ఊపాడు. నా అక్షరాభ్యాసమూ అదే, పట్టా పుచ్చుకోవడమూ అదే. అక్కడి నుంచి రాజమండ్రి కొట్టుకి వచ్చి, రెండు నెలలు అట్టపెట్టెలో పడుకున్నాక, భామిరెడ్డి గారి చేతిలో పడ్డాను.

భామిరెడ్డి గారికి అనపర్తి దాటాక కాలవ పక్కన కోళ్ళఫారం ఉంది. గుడ్లు పెట్టే పెట్టలు, నలభై వేలు. మనిషి మంచివాడే. కాకపోతే గ్రాముల పిచ్చి. పాత జాతి కోళ్ళు తిండిపోతులని మానేసి, తక్కువ తిని ఎక్కువ గుడ్లు పెట్టే చిన్న ఒంటి జాతి పిల్లల్ని తెప్పించాడు. మొక్కజొన్న ఎంత, సోయా ఎంత, తవుడు ఎంత, గవ్వపొడి ఎంత అని దగ్గరుండి కలిపిస్తాడు. పిల్లలు అమ్మిన కంపెనీ ఒక పట్టిక ఇచ్చింది. ఏ వారానికి ఏ పెట్ట ఎంత బరువుండాలో అందులో ఉంటుంది. బరువు తగ్గితే గుడ్డు చిన్నదవుతుందట, పెరిగితే కొవ్వు పట్టి గుడ్డుకొచ్చే వేళకి కోడే చస్తుందట. ఆ పట్టికని ఆయన షెడ్డు గోడకి, నా పక్కనే అంటించాడు. సొంత బొజ్జ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం వెంటనే వర్షాల గురించి మాట్లాడేవాడు.

ప్రతి గురువారం తూకం. పట్టేది నూకరత్నం. షెడ్డులో మేత పోసేదీ ఆవిడే. వంద పెట్టల్ని, ఒక్కోదాన్ని రెక్కలు కలిపి పట్టుకుని, నా కొక్కేనికి తగిలించిన ప్లాస్టిక్ గరాటులో తలకిందులుగా దించేది. దించే ముందే చేత్తో అంచనా చెప్పేది. "ఆరొందల యాభయ్యండి" అనేది. నా ముల్లు ఊగి ఊగి ఆరొందల నలభై ఐదు దగ్గర నిలిచేది. అప్పుడు నాకేసి చూసి నవ్వేది. ఫారంలో ఎవరూ నాకేసి చూసి నవ్వలేదు, ఆవిడ తప్ప. ఆవిడ భర్త అప్పలకొండ మేత మిల్లు దగ్గర బస్తాలు బండికెత్తి షెడ్డుకి తోసుకొచ్చేవాడు. ఫారం గదుల్లో ఒకదాంట్లో ఉండేవాళ్ళు. గది వెనకాల ఒక పాడిగేదె.

దసరా వచ్చింది. ఆయుధపూజ. ట్రాక్టరుకీ, మేత కలిపే మిషనుకీ, గుడ్ల ట్రేలు మోసే బండికీ పసుపూ కుంకుమా పెట్టారు. నన్నూ వదల్లేదు. ముఖం నిండా బొట్లు పెట్టి, కొక్కేనికి ఒక లావుపాటి నిమ్మకాయా, బంతిపూల దండా తీగతో కట్టారు. నిజం చెప్పొద్దూ, పెళ్ళికూతురిలా మురిసిపోయాను. మర్నాడే గురువారం. గరాటు ఖాళీగా ఉండగానే నా ముల్లు ఎనభై గ్రాముల మీద కూర్చుంది.

"ఆ నిమ్మకాయ తీసెయ్యమంటారేంటండి?" అని అడిగింది నూకరత్నం.

"పూజలో కట్టింది మనం తియ్యకూడదు. దానంతటది రాలిపోవాలి" అన్నాడు భామిరెడ్డి. అని, నా నెత్తి మీది మర తిప్పి ముల్లుని సున్నాకి తెచ్చాడు. లెక్క ప్రకారం తప్పేం లేదు. ఆ రోజు నేను చెప్పిన బరువులన్నీ నిజాలే.

తప్పు ఆ తర్వాత మొదలైంది. వారం తిరిగేసరికి బంతిరేకలు రాలాయి. నిమ్మకాయ ఎండింది, ముడుచుకుంది, ఒక రోజు తీగతో సహా ఊడిపడింది. ఊడ్చేసిన మనిషికి అది చెత్త. నా ఒంటి మీంచి ఎనభై గ్రాములు పోయాయి. మర మాత్రం తిప్పినచోటే ఉంది. ముల్లు సున్నా కంటే కిందికి దిగాలి. దిగితే ఎవరో ఒకరు చూసేవారు. కానీ సున్నా దగ్గర నాకు ఒక చిన్న మేకు ఉంటుంది, ముల్లు దాన్ని దాటి వెనక్కి పోదు. దానికి ఆనుకుని బుద్ధిమంతురాలిలా నిలబడ్డాను. చూసేవాళ్ళకి సున్నా సున్నాలాగే కనపడింది. ఇక ఏ పెట్టని తగిలించినా, మొదటి ఎనభై గ్రాములూ మింగేసి మిగతాదే చెప్పడం మొదలుపెట్టాను.

ఒకేసారి జరిగి ఉంటే అనుమానం వచ్చేది. పూలు ఎండినంత నెమ్మదిగా, ఈ వారం పది, పై వారం పదిహేను అంటూ తగ్గించాను. భామిరెడ్డి పట్టిక చూసి నుదురు చిట్లించాడు. సోయా పెంచాడు. నూనె కలిపించాడు. నేను ఇంకా తగ్గించాను. మేత పెరుగుతోంది, బరువు రావడం లేదు. అలాంటప్పుడు మనిషి బుర్ర ఎటు పోతుందో మీకు తెలుసు.

దసరా తర్వాత ఆరో వారం నూకరత్నం ఒక పెట్టని పట్టి "పదకొండొందలు ఉంటాదండి" అంది. నేను వెయ్యి ఇరవై అన్నాను. ఇంకోటి. మళ్ళీ అంతే. ఆవిడ పెట్ట రొమ్ము తడిమి చూసింది.

"కండ బాగా పట్టిందండి రెడ్డిగారూ. ఎముక చేతికి తగలట్లేదు. మీరోసారి చూడండి."

"నీ చెయ్యి చెప్తే వినాలా, కాటా చెప్తే వినాలా? కాటా అబద్ధం చెప్తాదా?"

నూకరత్నం నాకేసి చూసింది. ఎన్నో గురువారాలు నా ముందు నిలబడి నవ్విన మనిషి. తన చేతిని నమ్ముకుని ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే నా తప్పు అక్కడే తేలిపోయేది. చెప్పలేదు.

"చెప్పదండి" అంది.

ఆ మాటకి నా స్ప్రింగు తెగిపోయి ఉంటే ఎంత బాగుండేది. తెగలేదు. మేస్త్రీ గట్టిగానే బిగించాడు, పాపం.

"మరి మేత ఏమవుతంది? బస్తా మీ ఆయన చేతిలోంచి నీ చేతిలోకే కదా వచ్చేది" అన్నాడు భామిరెడ్డి. గట్టిగా కూడా అనలేదు.

అదే సమయానికి అప్పలకొండ బస్తాల బండి తోసుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. నూకరత్నం పెట్టని గూట్లో వదిలి, చేతులు కొంగుకి తుడుచుకుని, భర్తకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మావా, గేదెకి ఏం పెడతన్నావు?"

"గడ్డీ, తవుడూ. ఏం?"

"తవుడేనా?"

అప్పలకొండ ముందు రెడ్డిగారిని చూశాడు, తర్వాత భార్యని చూశాడు. "ఆయన అడిగితే అడగనీ. నువ్వూ అడుగుతున్నావా?" అన్నాడు.

"కాటా చూపిత్తంది మావా. నా చేతిలో దొంగతనం లేదు. మరింకెవరు?"

అతను నా వైపు తిరిగాడు. నా ముల్లు సున్నా దగ్గర, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. "సరే అయితే. కాటాతోనే కాపురం చేసుకో" అని బండి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆకివీడు వైపు చేపల చెరువుల మీద పనికి కుదిరాడని వారం తర్వాత కబురు వచ్చింది. గదిలో ఒక్కతే ఉండలేక నూకరత్నం గేదెని తోలుకుని బిక్కవోలులో అమ్మ దగ్గరికి పోయింది. పై గురువారం కొత్త పనిమనిషి పెట్టల్ని పట్టింది. అంచనాలు చెప్పలేదు, నాకేసి చూడలేదు. హాయిగా అబద్ధాలాడుకున్నాను.

పెట్టలు గుడ్డుకొచ్చాయి. వస్తూనే చావడం మొదలుపెట్టాయి. రోజుకి పది, ఇరవై. భామిరెడ్డి పశువుల డాక్టరు కామేశ్వరి గారిని పిలిపించాడు. ఆవిడ చచ్చిన పెట్టని కోసి చూపించింది. కడుపు నిండా పసుప్పచ్చటి కొవ్వు.

"బరువు చాలట్లేదని ఎవరు చెప్పారండి మీకు?" అంది.

ఆయన నన్ను చూపించాడు. ఆవిడ వంటగదిలోంచి కిలో ఉప్పు ప్యాకెట్టు తెప్పించి నా కొక్కేనికి తగిలించింది. నేను తొమ్మిదొందల ఇరవై దగ్గర నిలిచాను. భామిరెడ్డి చెయ్యి మెల్లగా నా నెత్తి మీది మర దగ్గరికి వచ్చి, అక్కడే ఆగిపోయింది. దసరా గుర్తొచ్చినట్టుంది.

ఆ సాయంత్రమే నన్ను సంచిలో వేసుకుని బిక్కవోలు వెళ్ళాడు. నూకరత్నం వాళ్ళ వాకిట్లో నిలబడి జరిగినదంతా చెప్పాడు. చివర్లో "తప్పు నీదీ కాదు, మీ ఆయనదీ కాదు. ఈ కాటాదమ్మా" అన్నాడు. మనుషులకి ఈ సౌకర్యం ఉంది. అయినా నేను ఆయన్ని ఆక్షేపించను. నాకు రావలసినదాంట్లో అది సగమైనా కాదు.

"మీరు నన్నన్నది మర్చిపోతానండి. నేను మా మావనన్నది ఎవరు మర్చిపోతారండి?" అంది నూకరత్నం. "ఆ కాటా నాకిచ్చి ఎల్లండి" అని అడిగి తీసుకుంది.

మర్నాడు బస్సెక్కి ఆకివీడు వచ్చాం. చెరువు గట్టు మీద తాటాకుల పాక. అప్పలకొండ చేపల మేత గోనెలు దింపుతున్నాడు. ఆమెని చూసి ఆగాడు. ఆమె నన్ను పాక గుంజకి వేలాడదీసి, సంచిలోంచి ఉప్పు ప్యాకెట్టు తీసి తగిలించింది. "చూడు మావా, తొమ్మిదొందల ఇరవై చూపిత్తంది. ఇది కిలో. నువ్వు తియ్యలేదు" అంది.

అప్పలకొండ నా ముఖం వైపు చూడనే లేదు.

"ఇప్పుడు కూడా కాటాయే చెప్పాలా, రత్తం?" అన్నాడు. ఖాళీ గోనెలు భుజాన వేసుకుని గట్టు మీద నడిచి వెళ్ళాడు.

ఆమె నన్ను ఆ గుంజకే వదిలేసి అతని వెనకాలే వెళ్ళింది. వేలాడుతూ చూస్తూనే ఉన్నాను. గట్టు మలుపు దగ్గర అతను ఒకసారి ఆగాడు. ఆమె అందుకుంటుందని ఆగాడో, జారుతున్న గోనెలు సర్దుకోవడానికే ఆగాడో నాకు తెలియలేదు. నాకు తెలిసింది బరువు చెప్పడం ఒక్కటే. అదీ చేతకాలేదు.