కాలెత్తిన ఎర్రకుక్క

నూకయ్య రేకు డబ్బా చంకన ఇరికించుకుని, దీపస్తంభానికి ఎదురుగా గోడ వారన నిలబడ్డాడు. తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. అరసవల్లి పోయే రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. డబ్బాలో మాంసం ఉండలు, ఉండల్లో మందు. ఏళ్ళ కిందట ఊళ్ళో పిచ్చికుక్క కరిచి ఒకాయన పోయిన దగ్గర్నుంచీ వీధికుక్కలన్నిటికీ నూకయ్యే యముడు. ఆ యముడేమో బక్కమనిషి, వెనక ఎవరైనా దగ్గితే ఉలిక్కిపడే రకం. కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలయ్యాక పోలీసు జీపులు చీకటితోనే తిరుగుతున్నాయి. వాటి వెలుతురు మీద పడితే ఏ తప్పూ చేయకపోయినా గోడకి అతుక్కుపోతాడు.

అతని పద్ధతి ఒకటుంది. కుక్క ఉచ్చ పోసేదాకా ఆగుతాడు. ఆ మసకలో, అంత దూరం నుంచి ఆడదో మగదో తెలిసే దారి అదొక్కటే. స్తంభాన్ని వాసన చూసి కాలెత్తితే మగది. నడుం వంచి, వెనక కాళ్ళు ఎడం చేసి నేలకి కూలబడితే ఆడది. కాలెత్తినదానికి ఉండ, కూలబడినదానికి దండం. పని చేయించే మునిసిపాలిటీ మేస్త్రీకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే పని ఊడుతుంది.

దీని వెనక దయా లేదు, ధర్మమూ లేదు. ఉన్నదల్లా భయం. పనిలో చేరిన కొత్తలో ఒక చూలు కుక్కకి ఉండ వేశాడు. దాన్ని బండిలోకి ఎత్తుతుంటే కడుపులో పిల్లలు కదలడం చేతికి తగిలింది. ఆ వారంలోనే భార్య చిన్నతల్లి ఆడపిల్లని కని కన్నుమూసింది. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అనకపోవడమే అతన్ని మరీ భయపెట్టింది. ఆ పిల్లే అమ్మడు. ఇప్పుడు నెలలు నిండి పుట్టింటికి పురిటికి వచ్చి ఉంది. రాత్రి నుంచీ నొప్పులు పడుతోంది. ఇవాళ పనికి రానని చెప్పడానికి నూకయ్యకి నోరు రాలేదు.

రోడ్డు వారగా వాసన చూసుకుంటూ ఒక ఎర్రకుక్క వచ్చింది. ఆ వీధిది కాదు. స్తంభం దగ్గర ఆగి వెనక కాలు ఒకటి పైకెత్తింది. నాలుగు చుక్కలు రాల్చింది. కాస్త ముందుకు పోయి మైలురాయి దగ్గర మళ్ళీ ఎత్తింది. నూకయ్య ఉండ విసిరాడు. కుక్క దాన్ని నోట కరుచుకుని ఇటు తిరిగింది. పొట్ట కింద పాలతో బరువెక్కిన చన్నులు వేలాడుతున్నాయి.

కొన్ని ఆడకుక్కలు కొత్త చోట తమ వాసన వదలడానికి అలా కాలెత్తుతాయని ఇన్నేళ్ళలో అతను చూడకపోలేదేమో. భయంతో పట్టుకున్న పద్ధతి కనక దాన్ని అనుమానించే ధైర్యం చేయలేదు.

"ఒసే, ఉమ్మీ! ఉమ్మీయే తల్లీ!" అంటూ పరుగెత్తాడు. దవడలు విడదీసి, గొంతు దాకా చెయ్యి దూర్చి ఉండని లాగేశాడు. కుక్క అతని వేలి మొదట్లో కోర దింపి, విదిలించుకుని నాగావళి గట్టు వైపు పారిపోయింది. నెత్తురు కారుతున్న చేతులతోనే నూకయ్య దానికి దండం పెట్టాడు.

మేస్త్రీ కూర్మయ్య సైకిలు దిగాడు. "ఏట్రా ఆ నెత్తురు? కుక్క కరిసినాదా? సెప్పు, ఆసుపత్రిలో బొడ్డు సుట్టూ సూదులేయిస్తాను. ఆ కుక్క ఎటెల్లినాదో సూపించు. ముందు దాన్ని సంపాల."

"కుక్క కాదు బాబూ. డబ్బా మూత కోసీసినాది."

చెప్తే దాన్ని చంపుతారు. దాని పిల్లలు ఏ గుంటలోనో పాలు లేక చస్తాయి. ఆ ఉసురు ఎవరికి తగులుతుందో నూకయ్యకి తెలుసు. సూదులంటే భయమే గానీ ఈ భయం ముందు అదెంత?

ఇంటికి వచ్చి, గాయానికి కారం అద్ది, గుడ్డ చుట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. లోపల అమ్మడు కేక పెట్టినప్పుడల్లా ఏటిగట్టు వైపు చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చాక మంత్రసాని దాలమ్మ తలుపు తీసింది.

"ఏటలగ వొణికిపోతన్నావు? తల్లీ పిల్లా సల్లగున్నారు. ఆడపిల్ల."

నూకయ్య భోరుమన్నాడు. "ఒగ్గేసినాదే దాలమ్మా. నా కూతుర్ని ఒగ్గేసినాది." ఏది వదిలేసిందో దాలమ్మకి అర్థం కాలేదు.

పురుడు గడవకముందే ఎర్రకుక్క మళ్ళీ కనిపించింది. దవడ జారి, చొంగ కారుస్తూ, తూలుతూ వచ్చి అదే స్తంభానికి గుద్దుకుని పడింది. జనం కర్రలతో కొట్టి చంపారు. నూకయ్య దూరంగా నిలబడి చూశాడు. వేలు దానంతటదే పిడికిట్లోకి ముడుచుకుపోయింది. అప్పుడైనా చెప్పవలసింది. కానీ పిల్ల బతికింది కదా! ఇప్పుడు మాట మారిస్తే మళ్ళీ పిల్ల మీదికే వస్తుందని హడలిపోయాడు.

మనవరాలికి చిన్నతల్లి పేరే పెట్టుకున్నారు. ఆ పేరు ఇంట్లో అలవాటు పడుతున్న రోజుల్లో వేలి మొదట్లో మానిన గాయం చిమచిమలాడింది. మర్నాడు గంజి తాగబోతే గొంతు బిగుసుకుపోయింది. నూకయ్య పెరటి పాకలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు.

"అయ్యా, ఏటైనాది? తలుపు తీయి!"

"నాకాడికి రాకమ్మా. పిల్లని ఇటు తేకు."

అమ్మడు ఏడుస్తూ తడిక సందులోంచి చెంబుతో నీళ్ళు లోపలికి పెట్టింది. తలుపు బద్దలు కొట్టబోతే వద్దని కేకలు వేశాడు. ఆ కేకలు రెండు రోజులు వినిపించాయి. తరవాత వినిపించలేదు.

కూర్మయ్య వచ్చి గడియ విరగ్గొట్టాడు. నూకయ్య గోడ వైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చల్లబడి ఉన్నాడు. తడిక పక్కన చెంబు కనబడకుండా దాని మీద తన తువ్వాలు కప్పేసి ఉంచాడు. అమ్మడు ఆ తువ్వాలు తీసింది. తను పెట్టిన నీళ్ళు చుక్క తగ్గకుండా చెంబు అంచుదాకా అలాగే ఉన్నాయి.