మెడ టక్కుమనాలె

కోరుట్ల బస్టాండు వెనక సందులో, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పైన, ప్రేమ్‌కుమార్ అనే మహానుభావుడు జనం మెడలు విరుస్తుంటాడు. విరుస్తాడంటే ఆయన ఒప్పుకోడు, సరిచేస్తున్నానంటాడు. బోర్డు మీద కైరోప్రాక్టిక్ అని రాసుకున్నాడు. మెడ నొప్పికీ నడుము నొప్పికీ మందు లేని వైద్యమట. ఆ పేరు నోరు తిరగక మన జనం టక్ డాక్టర్ అనేశారు. పట్టి తిప్పితే మెడ టక్కుమనాలి. టక్కుమంటే నొప్పి పోయినట్టు, అనకపోతే పోనట్టు. ఇంత సులువైన వైద్యాన్ని పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి ఎందుకు చదువుతారో వాళ్లకే తెలియాలి.

సిరిసిల్లలో ఉండే సత్యవ్వ ఆయన ముఖం మొదట ఐలయ్య ఫోన్‌లో చూసింది. ఐలయ్యా, సత్యవ్వ భర్త సాంబయ్యా ఒకే కార్ఖానాలో సాంచెలు నడుపుతారు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఐలయ్య చేతిలో పోగు కన్నా ఫోనే ఎక్కువసేపు ఉంటుంది.

"సూడు వదినా, గీ ముసలాయన కట్టె పట్టుకొని అచ్చిండు. టక్కుమన్నదో లేదో, లేసి ఉరికిండు!"

"ఉరుకుతడు మరి. మల్ల పట్టుకుంటడని భయం ఉంటది గద," అంది సత్యవ్వ, చాటలో బీడీలు చుడుతూ తలెత్తకుండానే.

ఆమెకు నవ్వులాటగానే ఉంది కానీ సాంబయ్యకు లేదు. ముప్పై ఏళ్లుగా ఎనిమిది సాంచెల మధ్య తిరుగుతూ, వంగి దారం కండెలు మార్చి, తెగిన పోగులు ముడేసిన మనిషి. నాలుగు నెలల నుంచి మెడ పట్టేసింది. వెనక సాంచె చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముకల మధ్య నరం నలుగుతోంది, మెడకు పట్టీ పెట్టుకుని ఆరు వారాలు పని మానెయ్, మెడను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు అన్నాడు. కార్ఖానా నడిపించే ఆసామేమో చీరల ఆర్డరు వచ్చిందన్నాడు. సోమవారానికి మెడ తిరగకపోతే ఆ ఎనిమిది సాంచెలూ ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఒకాయన ఆరు వారాలంటే, ఇంకొకాయన నాలుగు రోజులన్నాడు. ఐలయ్య ఫోన్ మాత్రం ఒక్క నిమిషం చాలంది. సాంబయ్య ఎవరి మాట నమ్మాడో చెప్పనక్కర్లేదు.

"ఒక్క తిప్పుడుతోని పోయే నొప్పికి డాక్టరు ఆరు వారాలు ఎందుకు చెప్పిండు? బుద్ధున్నోడు ఎవడన్న మెడ తీస్కపోయి ఫోన్లున్నోని చేతుల పెడ్తడా?" అని సత్యవ్వ కొట్లాడింది.

"కూసోని బీడీలు చేసుకునేదానికి నీకేం తెల్సే మెడ నొప్పి!" అన్నాడు సాంబయ్య.

పన్నెండో ఏట చాట ముందు వంచిన మెడ ఆమెది. ఇప్పటిదాకా ఎత్తింది లేదు. ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. "మంచిది. నీ మెడ, నీ ఇష్టం. ఇగ నేను నోరు తెరిస్తే అడుగు," అంది. అన్న మాట మీద గట్టిగా నిలబడే రకం ఆమె.

సాంబయ్య గురించి ఇంకో సంగతి ఉంది. సాంచెల మోతలో ఆయన చెవులు ఏనాడో పోయాయి. ఒప్పుకోడు, మీరే మెల్లగా మాట్లాడుతున్నారంటాడు. కార్ఖానాలో అందరూ పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు కాబట్టి అక్కడ తేడా తెలియదు. బయట మాత్రం ఎవరేమన్నా ముందు పెళ్లాం ముఖం చూస్తాడు. ఆమె తలూపితే ఊపుతాడు, నవ్వితే నవ్వుతాడు. వాడకట్టులో ఆయనకు మంచి తెలివిగలవాడని పేరుంది.

శుక్రవారం పొద్దున ఇద్దరూ బయల్దేరారు. వేములవాడలో గుండ్లు చేయించుకున్న యాత్రికుల మధ్య నలిగి బస్సు మారారు. దారి పొడుగునా సత్యవ్వ కిటికీలోంచే చూసింది. ఆయన రెండుసార్లు ఏదో అడగబోయి ఊరుకున్నాడు.

ప్రేమ్‌కుమార్ ఆపరేషన్ చేసే డాక్టర్లలా నీలం బట్టలు తొడుక్కున్నాడు. జగిత్యాలలో ఐదేళ్లు జిమ్ నడిపానని తనే గొప్పగా చెప్పుకున్నాడు. గోడ మీద బంగారు అక్షరాల సర్టిఫికెట్ ఉంది. అందులో ఆయన పేరు తప్ప ఇంకేమీ పెద్దగా రాయలేదు. బల్లకు ఎదురుగా స్టాండు మీద ఫోను, దాని చుట్టూ గుండ్రటి లైటు. రోగి కన్నా ఆ ఫోనుకే మర్యాద ఎక్కువ. సాంబయ్య ఎక్స్‌రే కవరు అందిస్తే ఆయన విప్పనైనా విప్పలేదు, దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు.

"ఎక్స్‌రేల నొప్పి కనవడదు కాకా. నా చేతులకు కనవడ్తది," అని ఫోను వైపు చూసి నవ్వాడు.

సత్యవ్వ నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. మాట్లాడనని ఒట్టేసుకుంది కదా. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఈ తమాషా ఎందాకా పోతుందో చూద్దామనుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు కాస్త సంబరంగా కూడా ఉంది. తన మాట వినని మొగుడికి బుద్ధొచ్చే రోజు ఇదేననుకుంది.

సాంబయ్యను వెల్లకిలా పడుకోబెట్టాడు. తల దగ్గర నిలబడి గడ్డం పట్టాడు, అటూ ఇటూ ఊపాడు, ఊపిరి వదలమన్నాడు. తిప్పాడు.

టక్.

గదంతా వినబడింది. సత్యవ్వ పళ్లు జివ్వుమన్నాయి. బల్ల మీంచి సాంబయ్య కళ్లు తిప్పి ఆమె వైపు చూశాడు. వినబడిందా అని నన్ను అడుగుతున్నావా, ఇప్పుడు నేను కావాల్సొచ్చానా అనుకుని, ఆమె మూతి ముడుచుకుని సర్టిఫికెట్ వైపు ముఖం తిప్పుకుంది.

"సప్పుడు రాలే సార్," అన్నాడు సాంబయ్య.

ప్రేమ్‌కుమార్ చెవులు బాగానే ఉన్నాయి. కానీ ఫోను నడుస్తోంది. రోగి లేచి ఆహా అనకపోతే ఆ వీడియో ఎవడు చూస్తాడు? "గట్టి మెడ కాకా నీది. ఆగు," అని ఈసారి మోకాలు బల్లకు ఆనించి తిప్పాడు. రెండుసార్లు టక్కుమంది. సాంబయ్య మళ్లీ రాలేదన్నాడు. మూడోసారి ఆ మనిషి తన జిమ్ బలమంతా చూపించాడు. సాంబయ్య కుడి చెయ్యి బల్ల మీంచి జారి వేలాడింది.

"చెయ్యిల కరెంటు కొట్టినట్టయింది సార్."

"గదే కావాలె! బంద్ అయిన నరం తెరుచుకున్నది," అన్నాడు ప్రేమ్‌కుమార్ ఫోనుతో.

సాంబయ్య ఆ మాటలు అందక ఊరికే తలూపాడు. వీడియోకు ఆ తలూపుడు చాలు. ఆదివారానికల్లా ప్రేమ్‌కుమార్ దానికి పాట తగిలించి పెట్టేశాడు. ఐలయ్య చూసి మురిసిపోయాడు.

సోమవారం సాంబయ్య కార్ఖానాకు వెళ్లాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు ఉందో లేదో తెలియడం లేదు. రెప్ప వాల్చేలోపు ముడేసే మనిషి పోగును వెతుక్కుంటూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఆసామి ఇంటికి పంపించేశాడు. డాక్టరు మళ్లీ చూసి, నరం బాగా దెబ్బతిన్నది, ఆపరేషన్ చేసినా వేళ్లకు స్పర్శ వస్తుందో రాదో మాటివ్వలేనన్నాడు. ప్రేమ్‌కుమార్‌కు సత్యవ్వే ఫోన్ చేస్తే, లోపలి చెడు బయటికి పోతోంది, మంచిదే అన్నాడు. సత్యవ్వ ఆయన్ని తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. ఐలయ్యకు కూడా అందులో వాటా దక్కింది. ఆసామిని తిట్టింది, ఆ ఫోనును తిట్టింది. మొగుడిని తిట్టబోయి ఎందుకో ఆగింది.

మరుసటి రోజు ఎండపూట సాంబయ్య గడప మీద వీధివైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. తెల్ల దారం తెంపుతాడు, ముడెయ్యబోతాడు, అది జారిపోతుంది. మళ్లీ తెంపుతాడు. వెనక చాట ముందు సత్యవ్వ ఎంత చూడొద్దనుకున్నా చూస్తోంది.

"ఇంకోసారి కోరుట్లకు పోదామే," అన్నాడు ఆయన వీధిలోకే చూస్తూ. "ఆనాడు సప్పుడు రాకపాయె. గందుకే తక్వ కాలే. ఒక్కసారి టక్కుమంటే..."

"అచ్చింది," అంది సత్యవ్వ.

ఆయనకు వినబడలేదు. వినబడినా వెనక్కి తిరిగే మెడ కాదు. ఆమె ఇంకోసారి గట్టిగా అంది. ఆయన దారం తెంపుకుంటూనే ఉన్నాడు. సత్యవ్వ చాట పక్కన పెట్టి లేచి, గడప దాటి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. కొట్లాడిన నాటి నుంచి మొదటిసారి ఆయన ముఖంలోకి నేరుగా చూసింది.

"అచ్చిందయ్యా. మొదటిసారే అచ్చింది. నేను విన్న," అంది, ఒక్కో మాట విడివిడిగా.

ఆయన ఆమె పెదాలనే చూశాడు. కోపం వస్తుందని ఆమె కాచుకుంది, తిట్టినా బాగుండుననుకుంది. ఆయన ముఖంలో కోపం లేదు.

"నీ దిక్కే సూసిన గదనే," అన్నాడు. "నువ్వు అటు తిరిగినవు. నువ్వు ఏం అనకపోతే, రాలేదనుకున్న."

ఆయన ఒళ్లోంచి జారిన దారం కొస రెండోసారికి దొరకబుచ్చుకున్నాడు.