లెక్కలోకి రాని కెటిల్

మొగుడి చొక్కా కాలరు మీద ఎర్మిండా ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో, వంటింటి గుమ్మంలోంచి రోకే అన్నాడు: "రేపటి రిపోర్టు ఓసారి చూసిపెట్టు. ఏడో పేజీలో అంకెలు మరీ చిన్నగా కనిపిస్తున్నాయి, పెద్దవి చెయ్యి. ఆ, కాలరు లోపలివైపు కూడా చెయ్యి, పోయినసారి ముడతలున్నాయి."

ఏడో పేజీ, కాలరు, రెండూ ఒకే ఊపిరిలో చెప్పేశాడు మహానుభావుడు. ఎర్మిండా కాలరు తిప్పింది. ఏడో పేజీలో ఉన్నవి ఆమె కొలిచిన అంకెలే. లాస్ తుస్కాస్ ఊళ్ళో నలభై బావుల నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి, ఎక్స్‌రే యంత్రం ముందు నెలల తరబడి కూర్చుని, ఏ బావిలో ఎంత ఆర్సెనిక్ విషం ఉందో తేల్చింది ఆమె. రిపోర్టు మీద పేర్లు మాత్రం రెండే. ఫిల్టరు తయారుచేసిన ఇంజనీరు రోకే, జనం చర్మాలు పరీక్షించిన డాక్టరు బర్రాసా. మధ్యలో ఉన్న భౌతికశాస్త్రమంతా యంత్రం దానంతటదే చేసుకుంది కాబోలు!

తుకుమాన్ యూనివర్సిటీలో మొదటి రెండేళ్ళూ ఇద్దరిదీ ఒకే తరగతి, మార్కులు ఆమెకే ఎక్కువ. డాక్టరేటు సగంలో ఉండగా అత్తగారు దోన్యా ఇమెల్దాకు పక్షవాతం వచ్చింది. "ఇద్దరూ యంత్రాల ముందు కూర్చుంటే పొయ్యి మీద కుండ ఎవరు దించుతారే?" అంది ఆవిడ. ఒకవైపు పడిపోయిన నోటితో ఆ ఒక్క మాటా ఎంత స్పష్టంగా పలికిందో! "రెండేళ్ళేగా ఎర్మీ, అమ్మ కోలుకోగానే మొదలుపెడుదువు" అన్నాడు రోకే. ఆ రెండేళ్ళు పదహారేళ్ళయ్యాయి. ఇప్పుడామె అదే ప్రయోగశాలలో 'సహాయకురాలు'. ఉద్యోగమన్నా ఇప్పించాను కదా అంటాడు రోకే, ఎవరైనా వింటూ ఉంటే.

ఇవన్నీ పాత పుళ్ళే, అలవాటైపోయాయి. ఇవాళ ఆమె గుండెలో దిగి కదలకుండా ఉన్న ముల్లు వేరే.

పోయిన గురువారం చివరి సీసాలు పట్టుకురావడానికి లాస్ తుస్కాస్ వెళ్ళింది. పెద్దావిడ దోన్యా నికొలాసా ఇంటి ముందు తాటాకు చూరు కింద కూర్చోబెట్టారు. నికొలాసా అరచేతుల నిండా ఆ నీళ్ళ విషం తెచ్చిన మొక్కజొన్న గింజల్లాంటి కాయలు, పిడికిలి పూర్తిగా మూసుకోదు. ఆ చేతుల్తోనే సొరబుర్రలో మాతే ఆకు నింపి, కెటిల్లోంచి వేడినీళ్ళు పోసి, పీల్చుకునే గొట్టం గుచ్చి అందించింది; అక్కడ టీలా రోజంతా తాగేది అదే. ఊరికే కూర్చోవడమెందుకని ఎర్మిండా పోయినేడాది ఇంటింటా నింపిన సర్వే ఫారం తీసి మళ్ళీ అడిగింది.

"దోన్యా, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతావు?"

"పోయినేడాదే చెప్పాగా తల్లీ. రెండు. ఎండ మండిపోతే మూడు." అంటూనే ఆవిడ కెటిల్ నింపి పొయ్యి మీద పెట్టింది. పొద్దుట్నించీ అది అయిదోసారి.

ఎర్మిండా నోట్లో గొట్టం అలాగే ఉండిపోయింది. "మరి ఇవి?"

"ఏవి?"

"ఇందులో పోస్తున్నవి."

"ఇవి నీళ్ళేంటమ్మా, మాతే కదా!" నికొలాసా పకపకా నవ్వి లోపలున్న కోడల్ని కేకేసింది. "ఒసే, విన్నావా? అంత చదువుకున్న ఇంజనీరమ్మకి నీళ్ళకీ మాతేకీ తేడా తెలీదంట!"

ఎర్మిండా నవ్వలేకపోయింది. మగవాళ్ళు తెల్లారకముందే బొగ్గు బట్టీలకు పోతారు. అక్కడ యజమాని ట్యాంకరులో పట్నం నీళ్ళు తెప్పిస్తాడు. ఆడవాళ్ళు ఇంట్లో ఉండి, వచ్చినవాళ్ళకి పోస్తూ తాము తాగుతూ, సాయంత్రం దాకా కెటిల్ దించరు. కాచినంత మాత్రాన ఆర్సెనిక్ చావదు, నీళ్ళు ఆవిరైపోయినా అది అడుగునే ఉంటుంది. మరి ఫారంలో రాసిందేమిటి? రెండు గ్లాసులు. దాన్నిబట్టే రోకే ఫిల్టరు కట్టాడు. అందులోని ఎర్రమట్టి ఏడాది పాటు విషాన్ని పట్టి ఉంచుతుందన్నాడు. ఈ లెక్కన మూడు నాలుగు నెలలకే మట్టి చచ్చిపోతుంది. ఆ తర్వాత రుచి మారదు, రంగు మారదు. ఫిల్టరు నీళ్ళే కదా అని ఇంకో కెటిల్ ఎక్కువ కాచుకుంటారు కూడా.

అన్నిటికంటే ఆమెను కాల్చేసింది ఇంకొకటి. ఆ ప్రశ్న రాసింది ఆమే. ఆ రోజు ప్రయోగశాలలో తన ఎడమ చేతిలోనూ మాతే బుర్ర ఉంది. అది పీలుస్తూనే 'నీళ్ళు ఎన్ని గ్లాసులు' అని రాసింది, ఇది కూడా నీళ్ళేనని తట్టనే లేదు.

ఆ సాయంత్రమే రోకేకి చెప్పింది. అతను రిపోర్టులోంచి తలెత్తకుండా అంతా విన్నాడు. "ఫారం రాసిందెవరు?"

"నేనే."

"మరి? పోయేది నీ పరువే. నోరు మూసుకుని ఉంటే నీకే మంచిది. ముందు ఫిల్టర్లు మంజూరు కానీ, వచ్చే ఏడాది నెమ్మదిగా సరిచేద్దాం. నీ మంచికే చెబుతున్నా ఎర్మీ."

నీ మంచికే! ఈ మాటతో ఎన్నిసార్లు తన నోరు కుట్టేశారో లెక్కలేదు. విచిత్రం చూడండి, పదహారేళ్ళుగా తను చేసిన మంచి పనికి పేరు ఇంకెవరిదో అయింది, తప్పు దగ్గరికి వచ్చేసరికి ఫారం రాసిందెవరని వెంటనే గుర్తొచ్చింది. వచ్చే ఏడాదంటే నికొలాసా చేతులు ఎలా ఉంటాయి? ఇరవయ్యేళ్ళు నిండని ఆ కోడలి చేతులు? అయినా భయం వేసింది. అబద్ధమెందుకు, చాలా భయం వేసింది. డాక్టరేటు పూర్తికాని మనిషి, అసలే అంతంత మాత్రం ఉద్యోగం. అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే, అందుకే ఆడవాళ్ళకి ఇలాంటివి అప్పజెప్పకూడదనరూ? నాలుగు రోజులు ఆ భయంతోనే వండింది, అత్తగారి వీపు తుడిచింది, ఈ రాత్రి ఇస్త్రీ ముగించి ఏడో పేజీలో అంకెలు పెద్దవి చేసింది.

మర్నాడు పదింటికి జలశాఖ ఆఫీసులో సమావేశం. పొడుగాటి బల్ల, చుట్టూ పదకొండు మంది మగవాళ్ళు. ఎర్మిండాకి మూల కుర్చీ, పక్కన మాతే సరంజామా. ఎవరూ చెప్పలేదు, అందరికీ పోసి అందించే పని ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇస్త్రీ చొక్కాలో రోకే చక్కగా మాట్లాడాడు. తర్వాత డాక్టరు బర్రాసా లేచాడు.

"ఒక్క విషయమే మాకు అంతుపట్టలేదు. ఒకే బావి నీళ్ళు తాగే ఇంట్లో ఆడవాళ్ళకే జబ్బు మూడింతలు ఎక్కువ. బహుశా స్త్రీల చర్మం పుట్టుకతోనే సున్నితం కావడం వల్ల..."

ఎర్మిండా బుర్రలో నీళ్ళు పోస్తూనే ఉంది. సున్నితమట! ఆ అరచేతులు ఎప్పుడైనా పట్టుకుని చూశాడా ఈయన? బుర్ర ఒలికి వేడినీళ్ళు వేళ్ళ మీద పడ్డాయి. కెటిల్ దించి లేచి నిలబడింది.

"చర్మం వల్ల కాదు డాక్టరుగారూ, మాతే వల్ల" అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాళ్ళు రెండు గ్లాసులు కాదు, మూడు లీటర్లకు తక్కువ తాగరు. మాతే నీళ్ళు మనం లెక్కెయ్యలేదు. ఈ ఫిల్టరు ఏడాది రాదు, నాలుగో నెల్లో విషం వదులుతుంది. ఇలాగే మంజూరు చెయ్యకండి."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. రోకే నవ్వు తెచ్చుకుని, "మా ఆవిడ కాస్త అలిసిపోయి ఉంది. ఎర్మీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇంట్లో చెప్పాను రోకే. నువ్వు విన్నావు కూడా."

బల్ల చివరున్న డైరెక్టరు చేతిలోని మాతే బుర్ర వంక ఒకసారి చూసుకుని, దాన్ని బల్ల మీద పెట్టేశాడు. తర్వాత రిపోర్టు మొదటి పేజీకి తిప్పాడు, కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "అమ్మా, ఇది చిన్న తప్పు కాదు. ఎవరి వల్ల జరిగిందో నేను మినిట్సులో రాయించాలి. ఇక్కడేమో రెండు పేర్లే ఉన్నాయి."

రోకే ఆమె వైపు చూడలేదు. డాక్టరు కాగితాలు సర్దుకుంటున్నాడు. ఎర్మిండా మూలనున్న కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"రాసుకోండి. ఎర్మిండా లెదెస్మా, భౌతికశాస్త్రం. ప్రశ్న తప్పుగా అడిగింది నేను. మళ్ళీ వెళ్ళి అడిగేది కూడా నేనే."