నీలం పురికొస

ముసలమ్మ జడ దగ్గర నుంచి దిగి వచ్చేసరికి మా గేటు బార్లా తెరిచి ఉంది.

ముసలమ్మ జడ అంటే మా లోయ చివర కొండ మీంచి పడే జలపాతం. అక్కడికి వెళ్ళే కాలిబాట ఏటి పక్క మా పచ్చికలోంచి మొదలై, ఊబినేల మీద వేసిన చెక్కబాట దాటి, ఈ గేటులోంచి కొండ ఎక్కుతుంది. ఆదివారాలు ప్రార్థన అయ్యాక నేను ఒక సంచీ పట్టుకుని ఆ దారంతా తిరిగి వస్తాను. నడకవాళ్ళు పారేసిన కాగితాలు ఏరడం, చెక్కల మీద కొట్టిన తీగ జాలీ ఎక్కడైనా ఊడితే మేకు కొట్టడం నా పని. బాట కమిటీలో ఉన్న నలుగురిలో ఊబిలో కాలు పెట్టేది నేనొక్కదాన్నే.

పొద్దున నేను ఎక్కేటప్పుడు గేటు మూసే ఉంది. నా చేతులతోనే తీసి, మళ్ళీ మూసి వెళ్ళాను. పైన జలపాతం దగ్గర రంగురంగుల వానకోట్లు వేసుకున్న ఆరుగురు ఎదురయ్యారు, డబ్లిన్ వాళ్ళు. నవ్వుతూ పలకరించారు, నాకో బిస్కెట్టు కూడా ఇచ్చారు. ఇప్పుడు చూస్తే గేటు ఇలా ఉంది. గేటు పక్కనే నేను పాతించిన బోర్డు: "గేటు ఎలా ఉంటే అలాగే వదలండి." అంత పెద్ద అక్షరాలు కూడా కనపడలేదు కాబోలు అని తిట్టుకున్నాను. బిస్కెట్టు తిన్నందుకు కూడా తిట్టుకున్నాను.

వాన అప్పుడే గట్టిపడుతోంది. గేటును కంచె గుంజకు కట్టి ఉన్న పురికొస విప్పాను, గేటు లాగి మూశాను, గొళ్ళెం వేశాను. పురికొస కోటు జేబులో పడేశాను. మా ఇంట్లో పురికొస ఎవరూ పారెయ్యరు. చెక్కబాట దిగి పచ్చికలోకి వస్తే గొర్రెలన్నీ అక్కడే మేస్తున్నాయి. పొట్టేలు రొమ్ముకు మేం పూసిన ఎర్రరంగు, అది కలిసిన గుర్తుగా అన్నిటి నడుముల మీదా అంటుకుని ఉంది. నయం, కొండ మీదికి పారిపోలేదు అనుకుని ఇంటికి వచ్చాను.

ఆదివారం భోజనం అయ్యాక మా మామగారు మాలచీ కుర్చీలోనే నిద్రపోతారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన గురకకు బల్ల మీద కప్పులు అదురుతాయని మా ఆయన ఫెర్గల్ అంటాడు. మామగారు నిద్ర లేచేసరికి నాలుగు దాటింది. వాన ఆపకుండా కొడుతోంది. ఊబినేలలోంచి కోసి ఎండబెట్టిన, కట్టెల్లా మండే మట్టిపెడ్డలు నేను పొయ్యిలోకి వేస్తున్నాను. అల్మారా మీద, టీ డబ్బాకు ఆనించి ఆ కాగితం ఉంది. మా పొలంలోంచి బాట పోవడానికి ఇంకో అయిదేళ్ళు ఒప్పుకుంటున్నట్టు మామగారు సంతకం చెయ్యాల్సిన కాగితం. నెలాఖరు గడువు. మూడు వారాలుగా అక్కడే ఉంది. "సంతకం గురించి నన్ను అడక్కండి. ఆ బాట వల్ల నా గొర్రెల్లో ఒక్కదానికి ఏమైనా సరే, అది పొయ్యిలోకే" అని ఆయన మొదటి రోజే చెప్పేశారు.

ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"జడ మోత చూడండి. ఏరు పొంగినట్టే."

"పచ్చిక మునుగుతుందా?" అన్నాడు ఫెర్గల్ పేపర్లోంచి తల ఎత్తకుండా.

"మునిగితే మునగనీ. భోజనానికి ముందే పోయి గేటు తీసి కట్టేసి వచ్చాను. వాటికి నీకన్నా బుర్ర ఎక్కువ. నీళ్ళు చూడగానే చెక్కల మీదుగా కొండెక్కేసుంటాయి." ఆయన అద్దం మీద ఆవిరి తుడిచారు. మళ్ళీ తుడిచారు. "ఏవీ? కొండ మీద ఒక్కటీ తెల్లగా కనపడదేం?"

మట్టిపెడ్డ నా చేతిలోనే ఉండిపోయింది.

"మంచులే నాన్నా, కనపడదు."

"మంచా? రాయి రాయీ కనపడుతుంటే గొర్రె కనపడదా? మూసేశారురా! ఆ రంగుకోట్ల వాళ్ళు మూసేసి పోయారు! చెప్పానా, చెప్పానా మీకు? నలభై రెండు సూడి గొర్రెలు! అమ్మాయ్, తియ్యి ఆ కాగితం, ఇటియ్యి!"

ఆ నిమిషం నేను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడం. ఆ ఆరుగురు ఇప్పటికి సగం దారి పోయి ఉంటారు. వాళ్ళను ఎవరు అడుగుతారు? తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న నా కోటు దగ్గరికి వెళ్ళి జేబులో చెయ్యి పెట్టాను. తడిసిన పురికొస వేళ్ళకు చుట్టుకుంది. తీసి బల్ల మీద పెట్టాను. గడ్డిమోపులు కట్టే నీలం పురికొస, మామగారి ముడి ఒకటి ఇంకా దానికే ఉంది.

"నేనే మూశాను మామయ్యా. వాళ్ళు తెరిచి వదిలేశారనుకున్నాను."

ఆయన పురికొస వైపు చూశారు. "నడకవాళ్ళు జేబుల్లో రొట్టెముక్కలు పెట్టుకుంటారు కానీ పురికొస పెట్టుకుంటారా?"

నేను కోటు తొడుక్కోవడం మొదలుపెట్టాను.

"ఇరవై నాలుగేళ్ళయింది నువ్వీ ఇంటికొచ్చి" అన్నారు. అంతే. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

ఫెర్గల్ అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. "నాన్నా, నువ్వుండు."

"ఉండి ఏం చెయ్యను? జపమాల తిప్పనా? కర్ర ఇటివ్వు."

ముగ్గురం ఇంటి వెనక గట్టు మీదుగా బయల్దేరాం. పచ్చిక మీదుగా వెళ్ళడానికి ఇక పచ్చిక లేదు. చీకటి పడుతోంది. కింద అంతా టీ రంగు నీళ్ళు, వాటి మీద తేలే నురగ. కంచె గుంజల తలలు మాత్రం వరుసగా కనపడుతున్నాయి. తెల్లనిది ఏదైనా ఉందా అని చూశాను. కనపడినదల్లా నురగే. ప్రతి నురగ ముద్దా నాకు గొర్రెలాగే ఉంది.

"ఏమన్నా మాట్లాడు" అన్నాను ఫెర్గల్‌తో.

"ఏం మాట్లాడను? గొర్రెలకు ఈత వచ్చు. ఉన్ని తడిస్తేనే కష్టం." నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వా పురికొస తీసి బల్ల మీద పెట్టావు చూడు, నేనైతే పొయ్యిలో వేసేవాణ్ణి."

మామగారు మా ముందు నడుస్తున్నారు. రెండుసార్లు జారారు. చెయ్యి ఇస్తే విదిలించారు. మూడోసారి జారినప్పుడు నా చెయ్యే పట్టుకున్నారు, నా మొహం మాత్రం చూడలేదు.

గేటు ఇంకో యాభై గజాలుందనగా దగ్గు వినపడింది. ముసలివాడి దగ్గులా పొడిగా, విసుగ్గా. మేం ముగ్గురం ఆగాం. మళ్ళీ దగ్గు.

"చెవి తెగిన గొర్రె దగ్గు అది" అన్నారు మామగారు, మెల్లగా, గుళ్ళో మాట్లాడినట్టు.

ఫెర్గల్ టార్చి వేశాడు. గేటు కమ్మీల మధ్య నుంచి ఒక నల్లటి మొహం, రెండు పచ్చని కళ్ళు. దాని వెనక ఇంకో రెండు కళ్ళు. ఇంకో రెండు. చెక్కబాట మీద, గేటు దగ్గర నుంచి మలుపు దాకా, ఒకదాని తోకకు ఇంకోటి మూతి ఆనించి, ఒకే వరుసలో గొర్రెలు నిలబడి ఉన్నాయి. అటూ ఇటూ నీళ్ళు. చెక్కల అడుగున నీళ్ళు తపతప కొట్టుకుంటున్నాయి. చెక్కలు మాత్రం మునగలేదు. జాలీలో గిట్టలు దిగేసి, గుళ్ళో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోడానికి వచ్చినవాళ్ళలా ఎవరి వంతు కోసం వాళ్ళు కాచుకున్నట్టు నిలబడ్డాయి.

ఆ జాలీ వేయించడానికి నేను రెండేళ్ళు మామగారితో పోట్లాడాను. రైలు పట్టాల కింది పాత స్లీపర్లు వేసి, నడకవాళ్ళ కాళ్ళు జారకుండా పైన జాలీ కొట్టిస్తుంటే, "కోళ్ళగూడును పడుకోబెట్టారు" అని మామగారు ఊరంతా చెప్పారు.

ఆయన గొళ్ళెం తీశారు. ముందు చెవి తెగినది వచ్చింది. మా అందరి మీదా ఒళ్ళు దులుపుకుని, నావైపు ఒక చూపు చూసి కొండెక్కింది. ఆయన కర్రతో గుంజ మీద కొడుతూ లెక్కపెట్టారు. ఇరవై, ముప్ఫై. ముప్ఫై తొమ్మిది దగ్గర వరుస ఆగింది. ఫెర్గల్ టార్చి అటూ ఇటూ తిప్పాడు. చివర్లో రెండు గొర్రెలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చాయి. వాటి వెనక పొట్ట దాకా తడిసినదొకటి, చిరాగ్గా అరుస్తూ.

"నలభై రెండు" అన్నారు మామగారు. "ఆ పొట్టేలెక్కడ?"

"పొద్దున కొట్టంలో నువ్వే కట్టేశావు కదా నాన్నా."

"ఆఁ. కట్టేశా." ఆయన గేటు మీద ఆనుకుని నిలబడిపోయారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నారు. "బారు చూశారా? ఆదివారం గుళ్ళో మనవాళ్ళైనా అంత బుద్ధిగా నిలబడతారా?"

తడిసిన గడ్డి మీదే కూర్చుండిపోయాను. కూర్చుని నేనూ నవ్వాను. ఎంతసేపటికీ ఆగలేదు. ఫెర్గల్ పక్కన కూర్చుని నా వీపు తట్టాడు, దగ్గు వచ్చిన పిల్లను తట్టినట్టు.

"పురికొస ఏదీ?" అన్నారు మామగారు.

బయల్దేరేటప్పుడు బల్ల మీంచి తీసి మళ్ళీ జేబులో వేసుకున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. ఇచ్చాను. ఆయన గేటు బార్లా తెరిచి గుంజకు కట్టారు. ఒక ముడి, దాని మీద ఇంకోటి, దాని మీద మూడోది. నావైపు చూస్తూ నాలుగోది.

ఇంటికి వచ్చి, బట్టలు మార్చుకుని, మిగిలిన పంది మాంసం, క్యాబేజీ వేడి చేశాను. కప్పులు కడుగుతుంటే వెనక అల్మారా దగ్గర చప్పుడైంది. తిరిగి చూడలేదు. మామగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు ఏదో రాశారు. మధ్యలో పెన్ను రాయలేదు, దాన్ని తిట్టారు. ఫెర్గల్ పెన్సిల్ ఇచ్చాడు.

ఆయన పడుకోడానికి వెళ్ళాక కాగితం చూశాను. సంతకం ఉంది. షరతులు అన్న చోట, ఎప్పుడూ ఖాళీగా వదిలే చోట, వంకర అక్షరాలతో రెండు వాక్యాలు.

"చెక్కబాట ఇంకో పన్నెండడుగులు పొడవు పెంచాలి, చివరి గొర్రె కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి."

దాని కింద: "గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. ఇంట్లోవాళ్ళు కూడా."