నిప్పుల్లో ఉతికిన ఒత్తి

బుధు పటకారుతో ఒత్తిని తిరగేశాడు. చింతబొగ్గులు ఇంకా కణకణలాడుతున్నాయి. వారం పొడుగునా మసి పట్టి నల్లబడిన జానెడు తాడు ముందు ఎర్రబడింది. తరవాత ఒక కొసనుంచి మెల్లగా తెల్లబడటం మొదలుపెట్టింది. లోకంలో ఎవరైనా మాసినదాన్ని నీళ్లలో ఉతుకుతారు. పనసపుట్టు ఊరి సిలువగుడిలో దీపం ఒత్తిని మాత్రం శనివారం శనివారం నిప్పుల్లో ఉతుకుతారు. అది చాకిరేవు కాదు, బొగ్గురేవు.

ఊదడం బుధు పని. ఇప్పుడు ఊదలేడు. ఊపిరి బొగ్గుల దాకా చేరకుండానే సగం దారిలో కూలబడుతోంది. అందుకని అతని భార్య తెరిసమ్మ పక్కన గొంతుక్కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

"తెల్లబడిందేటి?" అన్నాడు.

"కుసింత ఉంది. బేగిపడకు."

"నాను బేగిపడ్డం లేదే. పైవాడే బేగిపడతన్నాడు."

"నోరుమూసుకో మావా," అంది తెరిసమ్మ, విసురు ఆపకుండా.

అతని ఇంటిపేరు కిల్లో. పట్నం ఆసుపత్రిలో తూకం వేసిన నర్సు చీటీ చూసి, "ఇంటిపేరులో ఉన్న కిలో ఒంట్లో లేదే తాతా!" అంది. బుధు పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది, ఆయాసం తగ్గేసరికి ఆసుపత్రి దీపాలు వెలిగాయి. పెద్ద డాక్టరు వచ్చి ఊపిరితిత్తి పొరకి కేన్సరనీ, కరెంటు పెట్టాలనీ చెప్పాడు. "నిప్పుకే కాల్లేదు బాబూ, కరెంటుకి కాల్తాదా?" అని బుధు అడిగాడు. డాక్టరుకి అర్థం కాలేదు.

అర్థం కావాలంటే షెడ్డు దాకా వెళ్లాలి. కొండ దిగువన ఒక కంట్రాక్టు కంపెనీ రైలింజన్లు బాగుచేసే షెడ్డు అది. బుధు అందులో ఫిట్టరు. ఇటువైపు జనం షెడ్డుని సెడ్డు అంటారు, చెడ్డని సెడ్డ అంటారు. రెంటికీ తేడా ఒక్క కొమ్ము. ఆ కొమ్ము తనని ఏనాడు పొడిచిందో బుధుకి తెలియనే తెలియదు.

డీజిలింజను పొగగొట్టం పక్కన నిలబడితే చేతిమీద వెంట్రుకలు మాడిపోయేవి. ఆ వేడి బయటికి రాకుండా గొట్టానికి తెల్లటి తాడు చుట్టాలి. పాతబడ్డ తాడుని సుత్తితో కొట్టి రాల్చాలి. అది పిండిలా రాలేది. పైరేకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దిగేది. ఆ గీతల్లో తెల్లటి నూగు కిందికి దిగక, పైకి ఎగరక, నిలబడి మెరిసేది. అరకు మంచులో పుట్టి పెరిగిన బుధు కూడా సుత్తి ఆపి దాన్ని చూస్తూ ఉండిపోయేవాడు. నోరు తెరుచుకుని చూసేవాడు.

"పెళ్లికొడుక్కి పౌడరు పూసినారొరే!" అనేవాడు జతగాడు యర్రయ్య, బుధు తల దులుపుతూ. దాని పేరు ఆస్‌బెస్టాస్ అని ఫోర్‌మెన్ చెబితే యర్రయ్య చెవికి 'బెస్టు' ఒక్కటే ఆనింది. అప్పట్నుంచి అది బెస్టు తాడు. అదే నూలుతో నేసిన గుడ్డలోనే ఇద్దరూ కారేజీలు చుట్టుకునేవారు. అన్నం పొగలు కక్కుతూ ఉండేది.

ఒకసారి జానెడు ముక్క ఇంటికి తెచ్చాడు. గుడిలో దీపం చూసుకునే తెరిసమ్మ దాన్ని ఒత్తిగా వేసి వలిసెనూనె పోసి వెలిగించింది. నూనె తరిగింది, ఒత్తి తరగలేదు. మర్నాడూ తరగలేదు. ఊరు ఊరంతా వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నెలకోసారి కొండెక్కి వచ్చి పూజ చెప్పే ఫాదరు కూడా ఆ పూట ప్రసంగం మధ్యలో ఆగి దీపంకేసి చూశాడు. అది సెడ్డులో తాడేనని అందరికీ తెలుసు. తూర్పునుంచే వస్తాడని తెలిసినంత మాత్రాన సూర్యుడికి దండం పెట్టడం ఎవరు మానేశారు? ఆ వెలుగులోనే పిల్లలకి పేర్లు పెట్టారు. ఆ వెలుగులోనే యర్రయ్యని పెట్టెలో పడుకోబెట్టి ప్రార్థన చేశారు.

యర్రయ్యని బీడీలు మింగేశాయని కంపెనీ డాక్టరు తేల్చాడు. తరవాత బుధు వంతు వచ్చింది. వకీలు కృపావతి ఇద్దరి తరఫునా కేసు వేసింది. కంపెనీ ఇచ్చిన జవాబు ఒక్క ముక్క: ఆ పదార్థం మా షెడ్డులో ఎన్నడూ లేదు. షెడ్డు కూల్చేశారు. గొట్టాలు పాత ఇనుములో కలిసిపోయాయి. ఉందని చూపించడానికి లోకంలో మిగిలింది ఈ జానెడే. కృపావతి ఇవాళ దానికోసం వస్తోంది. తెరిసమ్మ మాత్రం ఇంకా సరే అనలేదు.

"దేవుడి దీపం కోర్టుకెల్లి సాచ్చికం సెప్తాదా?" అంది, తెల్లగా తేలిన ఒత్తిని పళ్లెంలోకి తీస్తూ. "నిప్పు తిననిది మనిసిని తింటాదని ఆ వకీలమ్మంటే నువ్వు నమ్మీసినావు."

"నిప్పు తిన్నేదు గదా ఒలే. నానూ అరిగించుకోనేకపోనాను. తిత్తిలోకి ఒత్తి ఎల్లిపోనాది. ఎలా ఎల్లిందో అలాగే ఉండిపోనాది."

"అయితే మరి కోర్టేటి సేత్తాది? తీసి ఇచ్చీస్తాదా?"

"తియ్యదు. ఉందంటాది." బుధు ఆగి ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ ఒక్క ముక్క అంటే సాలు. యర్రయ్యగాడు బీడీలకి పోనేదని ఆడి పిల్లలకి తెలుత్తాది."

తెరిసమ్మ లేచింది. పళ్లెం చీరకొంగులో దాచుకుని గుడిలోకి పోయింది.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. కృపావతి దిగి బుధుకి నమస్కారం పెట్టి, గుడి గుమ్మంలోనే మూతికి మాస్కు కట్టుకుంది. నీలం తొడుగులు రెండు చేతులకీ ఎక్కించుకుంది. తెరిసమ్మ పళ్లేన్ని గుండెలకి ఆనించుకుని నిలబడింది.

"ఒట్టి చేత్తో పట్టుకోకండమ్మా," అంది కృపావతి గాభరాగా. "కింద పెట్టండి. మెల్లగా."

తెరిసమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. ఎందుకో పళ్లెం కింద పెట్టింది. కృపావతి మోకాళ్లమీద కూర్చుంది. దుమ్ము లేవకుండా ఒత్తిమీద కాసిని నీళ్లు చిలకరించింది. ఊపిరి బిగబట్టి రెండు వేళ్లతో ఎత్తి ఒక కవరులో పెట్టింది. ఆ కవరుని ఇంకో కవరులో పెట్టింది.

తెరిసమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మోకరించింది! నీళ్లు చల్లింది! ఇన్నాళ్లూ తాము ఒట్టి చేతులతో ముట్టుకున్నదాన్ని ఈ పట్నం పిల్ల ముట్టుకోవడానికే జంకుతోంది.

"ఓలమ్మ, పసిబిడ్డకిచ్చినట్టు గ్యానస్నానం ఇచ్చీసినాది మావా!" అంది బుధు చెవిలో. "ఇంత బక్తి మన ఫాదరికీ నేదు. పట్టుకెళ్లనీ."

తెలుగులో భయభక్తులని రెంటినీ ముడేసి ఒకే మాటగా అంటారు. అక్కడున్నది భయం. తెరిసమ్మకి కనబడింది భక్తి. బుధు ఆ ముడి విప్పలేదు.

"పరీక్షకి పంపిస్తాను తాతా," అంది కృపావతి జీపెక్కుతూ. "రిపోర్టు వచ్చాక లేదని ఎవరూ అనలేరు. మీరు ధైర్యంగా ఉండండి."

"అంత పరీచ్చ ఏటికమ్మా, జడ్జిగారికి అగ్గిపెట్టి ఇచ్చీ. ఆరే ఎలిగించి సూసుకుంటారు."

ఆమె నవ్వింది. జీపు మలుపు తిరిగింది. కింద సొరంగంలోంచి గూడ్సు బండి బయటపడుతున్న చప్పుడు కొండంతా పాకింది. బుధు గుడి గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. తనని మట్టిలో పెడతారు. కండ మట్టవుతుంది, తరవాత ఎముక మట్టవుతుంది. ఆ తెల్లటి నూగు మాత్రం కిందికి దిగక, పైకి ఎగరక, తన ఆకారం ఉన్నచోటే నిలబడి ఉంటుంది. ఎండ గీత ఒక్కటీ అక్కడికి చేరదు. అయినా ఉంటుంది. అంత గొప్ప వస్తువుని ఇన్నేళ్లు తను మోసుకు తిరిగాడా!

"పిల్లలొచ్చీ యేళయినాది," అంది తెరిసమ్మ లోపల్నుంచి. "దీపంలో ఏటెయ్యను?"

బుధు భుజంమీది ఎర్రంచు తువ్వాలు తీసి గుమ్మంలోంచి అందించాడు. ఆమె ఒక పేలిక చింపి తొడమీద పెట్టి పేనింది. నూనెలో ముంచి వెలిగించింది. మంట చిటపటలాడింది, పొగ చిమ్మింది, తరవాత పచ్చగా నిలబడింది. తెరిసమ్మ కళ్లార్పకుండా చూసింది. గుడ్డకొస ఎర్రబడి, నల్లబడి, నలుసంత కుంచించుకుపోయింది.

"మావా, రా, సూడు. ఇది తరిగిపోతంది!" అంది వింతగా. గుడి దీపం తరగడం ఆమె ఎన్నో ఏళ్ల తరవాత చూస్తోంది.

గోడ అవతలనుంచి జవాబు రాలేదు. దగ్గు కూడా రాలేదు. ఆమె మొదట విన్నది ఆ దగ్గు లేకపోవడాన్నే.

పాటలకని వచ్చిన పిల్లలు ఊళ్లోకి పరిగెత్తారు. మగవాళ్లు మంచం తెచ్చారు. ఊపిరి ఆగిన బుధు బరువు లేడు, ఇద్దరే ఎత్తుకున్నారు. తెరిసమ్మ మంచంకోడు పట్టుకుని వెనకే నడిచింది. ఆ హడావిడిలో గుడి తలుపు ఎవరూ మూయలేదు. కొండమీది గాలి లోపలికి వచ్చి దీపాన్ని ఆర్పి వెళ్లింది.

ప్రమిదలో సగం కాలిన గుడ్డ ఒత్తి ఉంది. కాలకుండా మిగిలిన సగంమీద, నూనెలో తడిసి, తువ్వాలు ఎర్రంచు కనబడుతోంది.