చీస్పా ముక్కు

పాముకాటుకు ముందుజాగ్రత్తగా పాము విషంతో తయారైన సూది వేయిస్తే కుక్క ముక్కు చచ్చిపోతుందని మా నాన్న ఎలిసేయో నమ్మకం. ఆయన ఒక్కడే కాదు, ఇక్కడ దక్షిణ టెక్సస్ ముళ్ళపొదల్లో వేటకుక్కల్ని పెంచే వాళ్ళంతా అదే మాట అంటారు. కౌజుపిట్టల వేటలో వాసన పట్టలేని కుక్కను ఎవరూ బండి ఎక్కించరు.

మా పద్ధతి వేరు. వేటకాలం మొదలయ్యే ముందు తోకలో గిలక ఉన్న పామునొకదాన్ని పట్టి, నోటికి టేపు చుట్టి, ఇసుకలో వదులుతాం. కుక్క వెళ్ళి దాన్ని వాసన చూడగానే మెడపట్టీలోంచి షాక్ ఇస్తాం. రెండుసార్లు తగిలితే చాలు, ఆ వాసనకే పారిపోతుంది. నాన్న ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని అది. "ఎలిసేయో చేతిలో పెరిగిన కుక్కను పాము కరవదు" అని హాస్కెల్ గారు అతిథుల ముందు గొప్పగా చెప్పుకునేవారు. పొలం ఆయనది, పద్దెనిమిది కుక్కలు ఆయనవి. పంతొమ్మిదోది, చీస్పా, నాది. నేను పశుశాస్త్రంలో డిగ్రీ తెచ్చుకున్న రోజు నాన్న దాన్ని పిల్లగా నా ఒళ్ళో పెట్టాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే.

ఆగస్టులో చెప్పాను. "నాన్నా, చీస్పాకు సూది వేయిస్తున్నా."

"నీ కుక్క, నీ ఇష్టం నెరైదా. ముక్కు పోయాక నా దగ్గరికొచ్చి ఏడవకు. నాలుగేళ్ళ చదువుకు నీకొచ్చిన తెలివి ఇదా తల్లీ, పాము కాటెయ్యకముందే మనమే విషం ఎక్కించడం?"

నెల తేడాతో రెండు సూదులు వేయించాను. పశువుల డాక్టరమ్మ బెనావిదెస్ ముందే హెచ్చరించింది. "దీన్ని కవచమనుకోకు. కాటు పడితే విషం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. తిన్నగా నా దగ్గరికి రావాల్సిందే."

ఆ మాటే హాస్కెల్ గారికి చెప్పి, మిగతా కుక్కలకూ వేయిద్దామన్నాను. ఆయన పడీ పడీ నవ్వారు.

నవంబరులో ఒక మధ్యాహ్నం ఎండ కాసింది. హ్యూస్టన్ నుంచి డ్రమండ్ అనే అతిథి వచ్చాడు. మా వేటబండికి పైన ఎత్తు సీట్లు, కింద కుక్కల పెట్టెలు. నేను తోలుతున్నాను, నాన్న ముందు నడుస్తున్నాడు. ఒక బ్రహ్మజెముడు పొద దగ్గర చీస్పా కాలు పైకెత్తి బొమ్మలా బిగుసుకుంది. పిట్టలున్నాయన్నమాట. హాస్కెల్ గారూ, డ్రమండూ తుపాకులతో దిగారు. అప్పుడు చీస్పా ఒళ్ళు ఒక్కసారి వణికింది. అది వాసన పట్టి నిలబడ్డప్పుడు వణకడం నేనెన్నడూ చూడలేదు. నాన్న పొదను తన్నాడు, పిట్టలు లేచాయి, రెండు రాలాయి. నాన్న వచ్చి తల మీద తట్టాక గానీ అది కాలు దించలేదు. దించి, అలాగే కూలబడింది. కంటి కింద రెండు నెత్తుటి చుక్కలు. పొదలోంచి గిలక మోత అప్పుడు వినబడింది.

గాలి పిట్టల వైపు నుంచి వీస్తోంది, పక్కనున్న పాము వాసన దానికి అందలేదు. కాటు పడ్డాకైనా పారిపోయేదే. కానీ పిట్టల వాసన తగిలాక కదలొద్దని నేర్పింది కూడా నాన్నే.

చీస్పాను ఎత్తుకుని బండి దగ్గరికి పరిగెత్తాను. వాళ్ళిద్దరూ తుపాకులు ఖాళీ చేసి అప్పటికే పైకెక్కి కూర్చున్నారు.

"పామా? సూది వేయించావుగా అమ్మాయ్! పెట్టెలో పడుకోబెట్టు. ఇంకో రెండు పిట్టల గుంపులు చూసుకుని పోదాం" అన్నారు హాస్కెల్ గారు.

"సూది వేయించినా ఆసుపత్రికి పోవాల్సిందే సార్. మీకు చెప్పాను."

"ఆ సూదంటే నవ్వినవాణ్ణి, ఇప్పుడు నేనే నమ్ముతానంటుంటే నువ్వు కాదంటావేంటి!"

డ్రమండ్ కూడా నవ్వాడు.

"దిగుతారా, కూర్చుంటారా?" అన్నాను.

"ఏంటీ?"

"బండి ఆసుపత్రికి పోతోంది. దిగుతారా, కూర్చుంటారా?"

"ఇది నా బండి!"

"కుక్క నాది సార్."

నాన్న నా పక్కన ఎక్కి, చీస్పాను ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను బండి కదిలించాను.

పొలం గేటుకు ఇసుకదారిలో ఆరు మైళ్ళు. పైనుంచి హాస్కెల్ గారు బూట్లతో దబదబా తన్నుతున్నారు. "నా టోపీ! టోపీ ఎగిరిపోయింది!" అని డ్రమండ్ అరిచాడు.

"టోపీని పాము కరవలేదు సార్!" అని అరిచాను నేను.

గేటు దగ్గర ఆపాను. "ఇక్కడ దిగి నడుచుకుంటూ వెళ్ళొచ్చు. లేదంటే లోపల వెనక సీట్లో కూర్చోండి. ముందుంది పెద్దరోడ్డు."

డ్రమండ్ పొదల వంక చూశాడు. "అందులో పాములున్నాయిగా" అని వెనక సీటెక్కాడు. హాస్కెల్ గారు కూడా ఎక్కి, తలుపు విసిరికొట్టారు.

"రేపట్నుంచి నా పొలంలో అడుగు పెట్టకు."

"అలాగే సార్. బెల్టు పెట్టుకోండి."

చీస్పా మొహం గుమ్మడికాయలా వాచిపోయింది. ఆసుపత్రి దాకా ఇరవై అయిదు మైళ్ళూ నాన్న దాని తల పట్టుకునే కూర్చున్నాడు. "కదలొద్దని నేనే నేర్పాను" అన్నాడు ఒకసారి, ఎవరితోనో తెలియదు.

డాక్టరమ్మ విషానికి విరుగుడు మందు ఎక్కించింది. మూడో రోజు చీస్పా లేచి నీళ్ళు తాగింది. "సూది వల్లే బతికిందని నేను ప్రమాణం చెయ్యను," అందామె. "నువ్వు ఆగి ఇంకో రెండు గుంపులు చూసుంటే మాత్రం నేను చేసేదేమీ ఉండేది కాదు."

డిసెంబరు చివర చీస్పాను పొలం బయటి రోడ్డు మీద తిప్పుతున్నాను. లోపలికి నాకు అనుమతి లేదు కదా. కంచె దగ్గర అది టక్కున ఆగి, కాలెత్తి బిగుసుకుంది. అదే సమయానికి కంచె అవతల వేటబండి వచ్చింది. ముందు నాన్న, పైన హాస్కెల్ గారు.

"నా పిట్టల్ని బెదరగొట్టకు!" అన్నారాయన.

"రోడ్డు అందరిదీ సార్."

నాన్న మా ఇద్దరినీ పట్టించుకోలేదు. చీస్పా ముక్కు ఎటుందో చూసి, అటే అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ముప్ఫై ఒకటో అడుగు దగ్గర పొదను తన్నాడు. బుర్రుమని పదిహేను పిట్టలు లేచాయి. ఎవరూ కాల్చలేదు.

నాన్న బండి వైపు తిరిగాడు. "బుధవారం కుక్కలన్నిటికీ సూది వేయిస్తున్నా."

"ఎవర్నడిగి?"

"ఇప్పుడు అడుగుతున్నా. కాదంటే గురువారం నుంచి వాటి వెనక నడిచే మనిషిని ఇంకొకణ్ణి చూసుకోండి. ఇరవై ఆరేళ్ళు నా మాట మీద పరిగెత్తాయవి. ఆ మాటకే ఒకటి పాము ముందు కదలకుండా నిలబడింది. చాలు."

హాస్కెల్ గారు దూరంగా పిట్టలు వాలిన చోటే చూశారు. వద్దని మాత్రం అనలేదు.

చీస్పా ఇంకా కాలెత్తే ఉంది. వెళ్ళి తల మీద తట్టాను.

"నెరైదా, పద్దెనిమిదింటిని నేనొక్కణ్ణే పట్టలేను. బుధవారం బండి తోలాలి నువ్వు" అని నాన్న కంచె మీదుగా కేకేశాడు.

"నేను లోపల అడుగు పెట్టకూడదు కదా నాన్నా."

"గేటు బయట ఎక్కు!"